క్యాన్సర్ పేషెంట్‌కి సొంత కేర్ ప్లాన్: ముందు అమ్మగారిని అడగండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి 54 ఏళ్లు, ఉండేది ఒంగోలు. రొమ్ము క్యాన్సర్‌కి హైదరాబాదులో ఆపరేషన్ అయింది. ఇక మూడు వారాలకొకసారి చొప్పున నాలుగు ఏసీ కీమోలు (అడ్రియామైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు మందులు కలిపి), ఆ తర్వాత వారం వారం 12 సార్లు పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు అన్నారు. సుగర్ కూడా ఉంది. ఇంగ్లండ్‌లో ఉంటున్న మీ పిన్నిగారి అమ్మాయి అక్కడైతే పేషెంట్‌తో కూర్చుని కేర్ ప్లాన్, అంటే ఆవిడకేం కావాలో, ఎవరు ఏం చేయాలో కాగితం మీద రాస్తారని చెప్పింది. అలాంటిది ఇక్కడ దొరుకుతుందా, లేకపోతే మనమే రాసుకోవచ్చా, బెంగళూరులో ఉండి మీరేం చేయగలరు అన్నవి మీ ప్రశ్నలు. చివర్లో ఇంకో మాట చేర్చారు. అమ్మకి "గడ్డ తీసేశారు, మళ్లీ రాకుండా ఇంజెక్షన్లు" అని మాత్రమే చెప్పామనీ, క్యాన్సర్ అన్న మాట నాన్న ఎత్తనివ్వడం లేదనీ.

నేను క్యాన్సర్ వార్డుల్లో నర్సుగా చేసి, చాలా ఏళ్లుగా పాలియేటివ్ కేర్‌లో, అంటే పేషెంట్ నొప్పి, బాధలు తగ్గించే విభాగంలో ఉన్నాను. మీరు ఇంట్లోనే రాసుకోవచ్చు, తప్పకుండా రాసుకోండి. అయితే ఆ చివరి మాట తేలకుండా మిగతాదేదీ ముందుకు సాగదు. కేర్ ప్లాన్‌ని పేషెంట్ పక్కన కూర్చుని, ఆవిడ నోటి మాటతో రాయాలి. తనకేం జబ్బో తెలియని మనిషి "నాకిది కావాలి, ఇది వద్దు" అని ఎలా చెబుతుంది?

ముందు ఇంగ్లండ్ సంగతి చెబుతాను, ఎందుకంటే అక్కడి పద్ధతిలో మనం తీసుకోదగ్గది ఉంది. అక్కడి ప్రభుత్వ వైద్య సేవల వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ 2019లో ప్రకటించిన దీర్ఘకాల ప్రణాళికలో, 2021 నాటికి క్యాన్సర్ అని తేలిన ప్రతి ఒక్కరికీ అవసరాల అంచనా, కేర్ ప్లాన్ అందుబాటులో ఉండాలని పెట్టుకున్నారు. మాక్‌మిలన్ అనే స్వచ్ఛంద సంస్థ తయారుచేసిన ఒక చెక్‌లిస్టుని పేషెంట్ చేతికి ఇస్తారు. ఒంటి బాధలు, ఇంటి పనులు, డబ్బు, కుటుంబం, మనసు, దేవుడు, తెలుసుకోవాల్సిన విషయాలు అన్నీ అందులో ఉంటాయి. పేషెంట్ తనకి దిగులుగా ఉన్నవాటికి టిక్కు పెట్టి, ఏది ఎంత బాధిస్తోందో 10కి మార్కులేస్తారు. ఆ తర్వాత నర్సు కూర్చుని, ఎక్కువ మార్కులు పడ్డవాటి గురించి ముందు మాట్లాడుతుంది. ఎవరు ఏం చేయాలో రాసి, ఒక కాపీ పేషెంట్‌కి, ఒకటి వాళ్ల ఊరి డాక్టరుకి. అంతే. దీనికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు, గంట టైము, ఒక కాగితం చాలు.

మన దగ్గర ఇది ఇంకా పద్ధతిగా స్థిరపడలేదు. కొన్ని ఆస్పత్రుల్లో కౌన్సిలర్లు, మెడికల్ సోషల్ వర్కర్లు ఉన్నారు. హైదరాబాదులోని ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఎంఎన్‌జే లాంటి చోట్ల పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. కానీ ఓపీలో డాక్టరు ముందు మీకు దొరికేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలకి తయారుగా వెళ్లడం మీ చేతిలో ఉంది.

ఇక నాన్నగారి విషయం. ఆయన్ని తప్పుపట్టొద్దు. "చెబితే ధైర్యం చెడుతుంది, తిండి మానేస్తుంది" అన్న భయం ఆయనది. ఆ భయం వెనక ఉన్నది ప్రేమే. ముందు ఆయనతో విడిగా మాట్లాడండి. "నాన్నా, మనం బలవంతంగా ఏమీ చెప్పం. తెలుసుకోవాలని ఉందా అని అడుగుదాం. వద్దంటే అక్కడితో ఆపేద్దాం" అనండి. ఈ ఒక్క హామీతో ఒప్పుకున్న భర్తల్ని చాలామందిని చూశాను.

నిజానికి అమ్మగారికి తెలిసే ఉంటుంది. ఆస్పత్రి బోర్డు మీదే క్యాన్సర్ అని రాసి ఉంటుంది. పక్క మంచం ఆవిడ తలకి గుడ్డ కట్టుకుని ఉంటుంది. డ్రెస్సింగ్ రూములో ఆడవాళ్లు ఒకరినొకరు "ఎన్నో కీమో?" అని పలకరించుకుంటారు. తెలిసినా నోరెత్తరు, ఎందుకంటే ఆయన బెంబేలెత్తిపోతారని. ఒకరి కోసం ఒకరు దాచుకుంటూ, రాత్రిళ్లు ఇద్దరూ నిద్రపోకుండా గడుపుతుంటారు.

అడిగేటప్పుడు ఇంట్లో జనం లేని వేళ చూసుకోండి. టీవీ కట్టేయండి. "అమ్మా, డాక్టర్లు నీకు ఇప్పటిదాకా ఏం చెప్పారు? నువ్వేం అనుకుంటున్నావు?" అని మొదలుపెట్టి ఊరుకోండి. వెంటనే రెండో ప్రశ్న వేయొద్దు. ఆవిడ చీర కొంగు మడత పెడుతూ కూర్చున్నా సరే, ఆ నిశ్శబ్దాన్ని మీరు పూడ్చేయకండి. తర్వాత "ఇంకా వివరంగా తెలుసుకోవాలని ఉందా, లేక నాన్నకి చెబితే చాలంటావా?" అని అడగండి. కొందరు "నాకేం చెప్పొద్దు, ఆయనే చూసుకుంటారు" అంటారు. అది కూడా జవాబే, దాన్ని గౌరవించి కాగితం మీద అలాగే రాయండి. ఒక్క మినహాయింపు ఉంది. జ్వరం విషయం కింద రాస్తాను, అది మాత్రం ఆవిడకి తెలిసి తీరాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న: "ఈ ఆరు నెలల్లో నీకు ఏది ఆగిపోకూడదమ్మా?"

ఇది ఎందుకు ముఖ్యమో ఒక పేషెంట్ సంగతి చెబితే తెలుస్తుంది. ఊరూ పేరూ వద్దు. ఆవిడ మగ్గం వర్క్ చేసేది. పెళ్లి జాకెట్లకి జర్దోసీ, పూసలు, కుందన్లు కుట్టేది. ఇంటి అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు ఆ సూది మీదే నడిచేవి. మీ అమ్మగారికి రాసిన మందులే ఆవిడకీ రాశారు. ఫైల్లో స్టేజి, గ్రేడు, రిసెప్టర్లు, గుండె ఎకో అన్నీ ఉన్నాయి. వృత్తి అన్నచోట "గృహిణి" అని ఉంది. ఏది ఆగిపోకూడదని అడిగినప్పుడు ఆవిడ మాటతో చెప్పలేదు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సూది పట్టుకున్నట్టు చూపించింది.

పాక్లిటాక్సెల్ చేతివేళ్లు, కాలివేళ్ల చివరలకి వెళ్లే నరాల్ని దెబ్బతీస్తుంది. ముందు తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, తర్వాత స్పర్శ తగ్గడం. చాలామందికి మందు అయిపోయాక నెమ్మదిగా తగ్గుతుంది, కొందరికి ఏళ్లపాటు మిగిలిపోతుంది. పేషెంట్లు దీన్ని డాక్టరుకి చెప్పరు. ఇంత పెద్ద జబ్బులో తిమ్మిరి ఒక లెక్కా అనుకుంటారు, లేదా చెబితే మందు ఆపేస్తారని భయపడతారు. ఆవిడ కాగితంలో మొదటి వరుస ఇలా రాశాం: "నాకు మగ్గం పని ముఖ్యం. వేళ్లు మొద్దుబారితే ఆ వారమే చెబుతాను." ప్రతి వారం కీమో ఎక్కించే ముందు నర్సు ఆవిడ చేతికి సన్న సూది, దారం ఇచ్చేది. ఎక్కించి చూపించాలి. మొదట్లో ఒక్క ఊపులో ఎక్కించేది. తర్వాత ఒక వారం దారం కొసని నోట్లో తడిపి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి, తల దించుకుంది. ఆరోజే డాక్టరు మోతాదు తగ్గించారు. కీమో పూర్తయింది, పనీ నిలిచింది. ఆ వరుస కాగితం మీద లేకపోతే ఆ తిమ్మిరి గురించి ఎవరూ అడిగేవారు కాదు.

మీ అమ్మగారికి సుగర్ ఉంది కాబట్టి ఇది రెండింతలు వర్తిస్తుంది. సుగర్ వల్ల పాదాల్లో ఇప్పటికే తిమ్మిరి, మంట ఉంటే పాక్లిటాక్సెల్ మొదలుకాకముందే డాక్టరుకి చెప్పాలి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి, వేడి గిన్నెలు ఉత్త చేత్తో దించకూడదు.

సుగర్‌తో ఇంకో చిక్కు ఉంది. చాలామందికి ఇది ఇంటికెళ్లాకే తెలుస్తుంది. వాంతులు కాకుండా కీమోకి ముందు, తర్వాత కొన్ని రోజులు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. ఆ రోజుల్లో సుగర్ బాగా పెరగొచ్చు. ఆ తర్వాత నోరు రుచి పోయి తిండి తగ్గితే, అదే సుగర్ మాత్ర వేసుకుంటూ ఉంటే సుగర్ పడిపోవచ్చు. అందుకని కీమో మొదలయ్యేలోపు సుగర్ డాక్టర్ని కలిసి "స్టెరాయిడ్ రోజుల్లో ఎంత, తినలేని రోజుల్లో ఎంత" అని రెండు విడి లెక్కలు రాయించుకోండి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉండాలి. ఒంగోలులో సుగర్ చూసే డాక్టరుకి కీమో సంగతి, హైదరాబాదు డాక్టరుకి సుగర్ మందుల సంగతి చాలాసార్లు తెలియదు. ఆ ఇద్దర్నీ కలిపేది మీరు రాసే కాగితమే.

జ్వరం. దీనికి ప్లాన్‌లో అన్నిటికంటే పెద్ద అక్షరాలు వాడండి. కీమో తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ సమయంలో 100.4 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, లేదా అంతకు మించి జ్వరం వస్తే అది ఎమర్జెన్సీ. చలి పుట్టి వణుకు వచ్చినా అంతే. పొద్దున చూద్దాం అనుకోవడం, డోలో వేసి పడుకోబెట్టడం రెండూ ప్రమాదమే. మాత్రతో జ్వరం కనబడకుండా పోతుంది, ఇన్ఫెక్షన్ లోపల పెరుగుతుంది. ఆస్పత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ నరానికి పడాలి. మీ ఊరు ఒంగోలు, ట్రీట్‌మెంట్ హైదరాబాదు. జ్వరమొస్తే రాత్రంతా ప్రయాణం చేయడానికి వీల్లేదు. అందుకే ఒంగోలులో ఏ ఆస్పత్రికి వెళ్లాలో ఇప్పుడే తేల్చుకోండి, ప్రభుత్వ జనరల్ ఆస్పత్రా, ప్రైవేటా మీ ఇష్టం. ఒకసారి ముందే వెళ్లి, ఫైలు చూపించి, రాత్రిపూట ఎవరుంటారో కనుక్కోండి. హైదరాబాదు డాక్టరుతో "ఈ పేషెంట్ కీమోలో ఉంది, జ్వరమొస్తే కణాల పరీక్ష చేసి ఇవి ఇవ్వండి" అని లెటర్‌హెడ్ మీద నాలుగు వరుసలు రాయించుకోండి. అడిగితే చాలామంది డాక్టర్లు రాసిస్తారు.

ఇంత చెప్పాక, కాగితం ఎలా ఉంటుందో చూపిస్తాను. మీ అమ్మగారి జవాబులు నాకు తెలియవు కాబట్టి ఇది ఊహించి రాసింది. తీరు మాత్రం గమనించండి, అంతా ఆవిడ మాటల్లోనే ఉంది:

"నాకు రొమ్ము క్యాన్సర్. ఎడమ వైపు ఆపరేషన్ అయింది. సుగర్ ఉంది. జబ్బు గురించి అన్నీ నాకే చెప్పండి, లెక్కలు మాత్రం మా ఆయనకి చెప్పండి.
నాకు ముఖ్యం: పొద్దున పూజ నేనే చేసుకోవాలి. మనవరాలి పుట్టినరోజుకి లేచి తిరగాలి, ఆ వారం కీమో రాకుండా చూడండి.
నాకు భయం: వాంతులు. మా అక్కకి అయినట్టు అవుతుందేమోనని.
ఇబ్బంది: బస్సులో రాత్రంతా కూర్చుంటే చెయ్యి వాస్తోంది.
జ్వరం 100.4 లేదా అంతకు మించితే: మాత్ర వేయకుండా వెంటనే ఫలానా ఆస్పత్రి. తీసుకెళ్లేది పక్కింటి అబ్బాయి, ఫోన్ నెంబరు ఇది.
ఎడమ చేతికి సూది, బీపీ వద్దు."

ఒక్క పేజీ దాటనివ్వకండి. మూడు కాపీలు తీయండి. ఒకటి ఫైలు పైన, ఒకటి ఫ్రిజ్ మీద, ఒకటి అందరి వాట్సాప్‌లో. ఓపీలో డాక్టరు చేతికి నేరుగా ఇవ్వడానికి మొహమాటమైతే డేకేర్ స్టాఫ్ నర్సుకి ఇవ్వండి. కీమో ఎక్కించే గంటల్లో ఆమెకే చదివే తీరిక, అడిగే ఓపిక రెండూ ఉంటాయి.

పైన రాసిన పుట్టినరోజు లాంటి కోరికని చిన్నదని కొట్టేయకండి. కీమో తేదీని ఒకట్రెండు రోజులు జరపడం చాలాసార్లు కుదురుతుంది, ముందే అడిగితే. వాంతుల భయం చెబితే మందుల్ని ఇంకాస్త గట్టిగా ఇవ్వగలరు, ఈ రోజుల్లో దానికి మంచి మందులున్నాయి. అన్నట్టు వాంతులకి ఇచ్చే ఓండాన్‌సెట్రాన్ మాత్రతో మలబద్ధకం వస్తుంది. ఆడవాళ్లు దీన్ని చెప్పుకోలేక నరకం పడతారు. దానికి మందు మొదటి రోజే అడిగి తీసుకోండి. ఏసీ ఎక్కించాక ఒకట్రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగు, రక్తం కాదు. జుట్టు మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకి రాలుతుంది. ముందే పొట్టిగా కత్తిరించుకుంటుందా, స్కార్ఫ్ కావాలా, విగ్గు కావాలా అన్నది ఆవిడే చెప్పాలి, కూతురు ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసేయకూడదు.

ప్రయాణం గురించి ఒక మాట. 12 వారాల పాటు వారం వారం ఒంగోలు నుంచి హైదరాబాదుకి తిరగడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కష్టం. పాక్లిటాక్సెల్ దశ వచ్చేలోపు "అదే ప్రోటోకాల్‌తో దగ్గర్లో ఇప్పించుకోవచ్చా?" అని డాక్టర్ని సూటిగా అడగండి. విజయవాడలోనూ గుంటూరులోనూ కీమో ఇచ్చే కేంద్రాలున్నాయి. గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ బ్లాకు ఉంది. హైదరాబాదే అయితే రైల్లో పడుకుని వెళ్లడం మేలు. చికిత్సకి వెళ్లే క్యాన్సర్ పేషెంట్లకి స్లీపర్, థర్డ్ ఏసీల్లో చార్జీ పూర్తిగా మినహాయింపు, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం. రైల్వే నమూనాలో ఆస్పత్రి సర్టిఫికెట్ కావాలి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే, మీ ఆస్పత్రి ఆ జాబితాలో ఉందో లేదో ఆస్పత్రిలోని పథకం కౌంటర్‌లో ముందే కనుక్కోండి.

తిండి విషయంలో చుట్టాల సలహాలు మొదలవుతాయి. గుడ్డు వద్దు, పప్పు వద్దు, పత్యం చేయాలి, ఫలానా ఆకు పసరు తాగాలి అని. కీమోలో ఒంటికి ప్రోటీన్ కావాలి. బాగా ఉడికిన గుడ్డు, పప్పు, చేప, కాచిన పాలు, ఇంట్లో తోడేసిన పెరుగు ఏది సహిస్తే అది, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు. బయట కోసిపెట్టిన పళ్లు, పచ్చి సలాడ్లు వద్దు. పసర్లు, పొడులు కీమో మందుతో లివర్ మీద ఏం చేస్తాయో చెప్పలేం కాబట్టి డాక్టరుకి చెప్పకుండా ఏదీ వద్దు. ప్లాన్‌లో "చుట్టాలకి జవాబు చెప్పేది పెద్దబ్బాయి" అని ఒక పేరు రాసేయండి. పేషెంట్ అలసటలో సగం అక్కడే తగ్గుతుంది.

మనసు గురించి అడగడానికి మొహమాటంగా ఉంటే అంకెతో అడగండి. వారానికోసారి, "ఈ వారం దిగులు, టెన్షన్ సున్నా నుంచి 10లో ఎంత?" క్యాన్సర్ విభాగాల్లో ఇదే కొలమానం వాడతాం. 4 లేదా అంతకు మించితే ఊరుకోవద్దు, దేని గురించో అడగాలి. అది డబ్బు కావచ్చు, పెళ్లికాని చెల్లెలు కావచ్చు, భర్త మొహం చూడలేకపోవడం కావచ్చు. నిద్ర, తిండి పూర్తిగా చెడితే ఆస్పత్రి కౌన్సిలర్ని అడగండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

పాలియేటివ్ కేర్ అన్న మాట వింటే ఇంట్లోవాళ్లు "ఇక ఆశ లేదా?" అని కంగారుపడతారు. నొప్పి, వాంతులు, నిద్ర, భయం చూడటమే మా పని, జబ్బు ఏ దశలో ఉన్నా. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరినవాళ్ల మీద 2010లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో, మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ అందినవాళ్లు మెరుగ్గా గడిపారు, సగటున ఎక్కువ కాలం బతికారు కూడా. మీ అమ్మగారికి నొప్పి ఎక్కువగా ఉంటే ఆ విభాగానికి పంపమని అడగడానికి సందేహించకండి.

ఒకసారి రాసి ఊరుకునే కాగితం కాదిది. మొదటి కీమో అయ్యాక, ఏసీ నుంచి పాక్లిటాక్సెల్‌కి మారేటప్పుడు, అంతా ముగిశాక తప్పకుండా తిరగరాయండి. మూడోసారిది చాలామంది మరచిపోతారు. ఆస్పత్రికి వెళ్లడం ఆగిపోగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, పేషెంట్‌కి మాత్రం అప్పుడే భయం మొదలవుతుంది. ప్రతి చిన్న నొప్పీ మళ్లీ వచ్చిందేమో అనిపిస్తుంది. ఎన్నాళ్లకోసారి చెకప్, మమోగ్రామ్ ఎప్పుడు, హార్మోన్ మాత్ర అవసరమైతే ఎన్నేళ్లు, ఏ లక్షణానికి ఆగకుండా రావాలి, ఇవన్నీ డాక్టరుతో రాయించుకుని ఆ కాగితంలో చేర్చండి.

ఇక బెంగళూరు నుంచి మీరు. రోజూ ఫోన్ చేసి "తిన్నావా, మందు వేసుకున్నావా" అని అడిగేవాళ్లు ఇంట్లో ఉన్నారు. మీరు రికార్డుల పని తీసుకోండి. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫోన్లో స్కాన్ చేసి పెట్టడం, ప్రతి ఓపీకి ముందు రోజు అమ్మగారితో మాట్లాడి మూడు ప్రశ్నలు రాసి పంపడం, జవాబులు కాగితంలో ఎక్కించడం. 7 నుంచి 14వ రోజు మధ్య ఏదో ఒక వారాంతం అయినా ఒంగోలులో ఉండేలా సెలవులు సర్దుకోండి. కీమో రోజున పక్కన ఉండటానికి నాన్నగారు చాలు, ఆ మధ్య రోజుల్లోనే ఇంటికి ఇంకో మనిషి కావాలి. మొదటి కీమో తేదీ ఎప్పుడో మీరు రాయలేదు. ఇంకా టైముంటే ఈ శనివారమే వెళ్లి నాన్నగారితో మాట్లాడండి. అమ్మగారు ఏం చెప్పారో ఇక్కడ రాస్తే, కాగితం మొదటి వరుసలు ఎలా పెట్టాలో చూసి చెబుతాను.